ఉస్తాద్ ఎడమ భుజం

ఆ విమానం ఎడమకు వాలేది. ఈ ఒక్క మాట రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. రిటైరై ఇన్నేళ్లయింది. బీపీ మాత్రలు మింగుతున్నాను. ఆవేశపడొద్దని డాక్టరు చెప్పాడు. అయినా చెరువు మీంచి నిలువెత్తు లేచి, ఎడమ రెక్క దించి, మళ్లీ నీళ్లలో పడే ఆ విమానం గుర్తొస్తే చేతిలో ఏముంటే అది విసిరికొట్టాలనిపిస్తుంది.

నాకు కోపం ఎక్కువ. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని మా అమ్మ రోజుకొకసారైనా అనేది. ఆమె పోయేదాకా అంటూనే ఉంది, నేను వినకుండానే ఉన్నాను. మెదక్‌లో ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన మొదటి నెలలోనే డస్టరు విసిరే టీచరమ్మ అని పేరు తెచ్చుకున్నాను. మగవాళ్లు నిండిన స్టాఫ్ రూములో మెత్తగా ఉంటే మొత్తేస్తారని అప్పట్లో ఒక సాకు చెప్పుకునేదాన్ని. అందులో కొంత నిజం లేకపోలేదు. మిగిలినదంతా నా నోరే.

డెబ్బైల మొదట్లో సంగతి. మా తమ్ముడు ఓడల్లో ఇంజను పని చేసేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ జపాన్ నుంచి ఒక పెట్టె తెచ్చాడు. రేడియోతో నడిపే చిన్న విమానానికి కావలసిన సరంజామా అది. చేత్తో పట్టుకుని మీట నొక్కే డబ్బా ఒకటి, విమానం కడుపులో పెట్టే రిసీవరు ఒకటి, పిడికిలంత ఇంజను, మడతలు పెట్టిన ప్లాను కాగితం. విమానం మాత్రం లేదు. దాన్ని మనమే కట్టుకోవాలి. మీట ఒకసారి నొక్కితే తోక చుక్కాని కుడికి తిరుగుతుంది, రెండుసార్లు నొక్కితే ఎడమకు. అంతకుమించి ఏమీ లేదు. పైకి పో, కిందికి దిగు అని చెప్పడానికి వీల్లేదు. కాబట్టి విమానం తనంతట తాను తిన్నగా పోయేట్టు నేల మీదే సరిచేసి వదలాలి. రెక్క వంకరుంటే, ఒక పక్క బరువుంటే, గాల్లోకి పోయాక మనం నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు.

ప్లానులో చక్రాలతో ఒక రకం, పడవలతో ఒక రకం ఉన్నాయి. చక్రాల మీద పరిగెత్తించడానికి మెదక్‌లో చదునైన నేల ఏదీ? మా స్కూలు గ్రౌండు నిండా రాళ్లు, పల్లేరుకాయలు. వానలు వెళ్లాక ఊరి పక్కన చదునుగా కనిపించేది చెరువొక్కటే. అందుకని విమానం కింద చక్రాలకు బదులు రెండు పడవలు బిగించి, నీళ్ల మీంచి లేపుదామని నిర్ణయించాను. నిర్ణయించింది నేను, కట్టింది ఉస్తాద్.

ఉస్తాద్ మా స్కూల్లో క్రాఫ్ట్ మాస్టరు. పిల్లలకు వడ్రంగం, పుస్తకాల బైండింగు నేర్పేవాడు. హెడ్మాస్టరు నుంచి అటెండరు దాకా అందరికీ ఆయన ఉస్తాదే. వాళ్ల తాతా తండ్రీ పతంగులు కట్టి బతికినవాళ్లు, మొహర్రంకు తాజియాలు కట్టినవాళ్లు. వెదురు బద్దను వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, ఇది ఎటు వంగుతుందో ఎక్కడ విరుగుతుందో చెప్పేసేవాడు. కానీ చేతిలో సర్టిఫికెట్టు లేదు. తొమ్మిదేళ్ల నుంచి టెంపరరీ. ఎండాకాలం సెలవులొస్తే, తెరిచాక మళ్లీ తన ఆర్డరు వస్తుందో రాదో తెలియక ఆఫీసు ముందు తిరిగేవాడు. ఇంట్లో తినేవాళ్లు ఆరుగురు.

మా హెడ్మాస్టరును పెద్దసారు అనేవాళ్లం. నేను పెట్టె తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టి సంగతి చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. వైర్‌లెస్ లైసెన్సు కాగితం వచ్చేదాకా ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు గానీ, కాగితం వచ్చిన రోజు ఉస్తాద్‌ను కూడా పిలిపించాడు.

"ఇన్‌స్పెక్షన్ నాడు గిది చెరువుల నుంచి లేవాలె. లేసిందనుకో, గిది మా ఉస్తాద్ కట్టిండు సాబ్ అని జెప్పి, పర్మనెంటుకు ఆయన పేరు రాస్త. సర్టిఫికెట్టు లేకపోతే ఏంది, పనే సర్టిఫికెట్టు అని రాస్త. ఏమంటవ్ ఉస్తాద్?"

ఉస్తాద్ టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. బయటికొచ్చాక వరండాలో నాతో మాత్రం, "మేడమ్, మీ పెట్టెల నా నౌకరి ఉన్నది, జర పైలం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను.

ప్లానులో చెప్పిన విదేశీ చెక్క మనకెక్కడిది? నిర్మల్ బొమ్మలకు వాడే పునికి చెక్క తెప్పించాం. అంత తేలికైన చెక్క ఇంకోటి లేదు. రెక్కలకు వెదురు బద్దలు, పైన పతంగుల కాగితం, కాగితం మీద వార్నిషు. కాగితం అతికించడానికి ఉస్తాద్ మైదా పిండి లై ఉడికించాడు. అక్కడే మొదటి గొడవ.

"జిగురు డబ్బా తెప్పిస్త, లై వద్దు" అన్నాను.

"లై ఎండితే రాయి మేడమ్."

"నీళ్లు తగిలితే గట్క అయితది, ఉస్తాద్."

"పైన వార్నిషు గొడ్తున్న గద. నీళ్లెట్ల తగుల్తయ్?"

ఆయన మాటే నెగ్గింది. కానీ జావలా నానిపోతుందన్న ఆ గట్క మాట నా బుర్రలో ఉండిపోయింది. తర్వాత అదే నన్ను ముంచింది.

పడవలు చూస్తే ముద్దొచ్చేవి. మూరెడు పొడవు, లోపల బోలు, పునికి పలకలు ఒకదానికొకటి వెంట్రుక సందు లేకుండా కలిసి, పైన మూడు పూతల లక్క. గోరుతో కొడితే డప్పులా మోగేవి. అన్నీ అయ్యాక ఒక చిన్న పని మిగిలింది. నీళ్ల మీద నెమ్మదిగా పోయేటప్పుడు తోక చుక్కాని పనిచేయదు, అందుకని ఒక పడవ వెనక కొసన చిన్న రేకు చుక్కాని బిగించాలి. ఆ రోజు శుక్రవారం. ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. వస్తూనే చేస్తానని చెప్పే వెళ్లాడు. ఒక గంట ఆగితే ఏం పోయేది? నేనాగలేదు. ఎడమ పడవ వెనక కొసన రెండు కంతలు పెట్టి, రెండు మరలు తిప్పి, రేకు బిగించేశాను. నా చేత్తో చేసిన పని అదొక్కటే, అందుకని చాలా గర్వంగా కూడా ఉంది.

ఉస్తాద్ వచ్చి చూసి, మరల చుట్టూ వేలు తిప్పాడు. "జర లక్క పోస్త మేడమ్, ఈడ."

"వద్దు, బరువైతది. ఇప్పటికే తోక బరువున్నది. మొత్తం లెక్క నేను జూసుకున్న."

ఆయన వేలు తీసేశాడు.

మర్నాడు చెరువు దగ్గరికి పోయాం. ఇంజనుకు ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి పోయాలి. ఆ ఆముదం పొగ నా చీరలకు పట్టి, ఇస్త్రీ పెట్టినప్పుడల్లా ఇల్లంతా వాసన కొట్టేది. గట్టు మీద నిలబడితే చెట్ల పైన పెద్ద చర్చి శిఖరం కనిపించేది. అదే నా గురి. విమానం ముక్కు ఆ శిఖరానికి పెట్టి వదిలితే, తిన్నగా అటే పోవాలి.

నీళ్ల మీద కాసేపు అటూ ఇటూ తిప్పి, ఇంజను వేడెక్కాక వదిలాం. బాగానే పరిగెత్తింది. లేచింది. ఆ లేవడం చూసి నేను కేకపెట్టాను. అంతలో ఎడమ రెక్క దించింది. కుడికి తిప్పడానికి మీట నొక్కాను, ఆగి మళ్లీ నొక్కాను. అది వినలేదు. వాలి వాలి, గుండ్రంగా తిరిగి, ధబ్బున నీళ్లలో పడింది. గట్టు మీద బట్టలు ఉతికేవాళ్లు పని ఆపి మరీ నవ్వారు.

ఇక మొదలైంది నా శాస్త్రం. విమానం ఒక పక్కకు వాలితే కారణాలు నాలుగైదే. రెక్క మెలిపడి ఉండాలి, ఒక పక్క బరువుండాలి, ఇంజను వంకరగా బిగించి ఉండాలి, తోక తిన్నగా లేకపోవాలి. ఒక్కొక్కటే చూడాలి, ఒకసారికి ఒకటే మార్చాలి. పిల్లలకు నేనే చెప్పే పాఠం. స్కూలుకొచ్చి రెక్కను ఎండకు ఎత్తి చూశాను, మెలిక లేదు. ముక్కు కింద ఒక వేలు, తోక కింద ఒక వేలు పెట్టి ఎత్తాను, ఏ రెక్కా దిగలేదు. ఇంజను ఆపి గడ్డి మీద చేత్తో విసిరాను, బాణంలా పోయింది. స్కూల్లో అన్నీ సక్రమం. చెరువు దగ్గరికి పోతే ఎడమకు. ఇంజను కింద రేకు ముక్క పెట్టి ముక్కు కుడికి జరిపాను. ఎడమకే. తోక చుక్కాని కొస వంచాను. మొదట కొంచెం నయం, తర్వాత మళ్లీ ఎడమకే. ఎంతసేపు నీళ్ల మీద ఉంచి వదిలితే అంత ఎక్కువ వాలేది. ఆ ముక్క నోటుబుక్కులో రాసుకున్నాను కూడా! రాసి, కింద గీత గీసి, పక్కన ఏమని రాశానో తెలుసా? "లై తడుస్తోంది" అని.

చెరువు నుంచి స్కూలుకు దాదాపు మైలు. విమానాన్ని ఉస్తాదే మోసేవాడు. పీరును ఎత్తుకున్నట్టు ముక్కు పైకి, తోక కిందికి పెట్టి, ఎడమ భుజానికి ఆనించుకుని బజారు గుండా నడిచేవాడు. నేను వెనక డబ్బా పట్టుకుని, దారి పొడుగునా ఆయన లైను, వెదురును, ఊళ్లో జనాన్ని, మబ్బును తిట్టుకుంటూ నడిచేదాన్ని. స్కూలు చేరేసరికి ఆయన కమీజు ఎడమ భుజం నుంచి నడుము దాకా తడిసి ఉండేది. ప్రతిసారీ. ఒకరోజు నేనే అడిగాను.

"ఏంది ఉస్తాద్, చెరువుల దిగిండ్రా?"

"లే మేడమ్. ఇమానం జర ఏడుస్తుంది."

"నేను పరేశాన్‌ల ఉంటే మీకు పరాచికాలా?"

"పరాచికం గాదు మేడమ్. జర పడవ..."

"పడవలకేమైంది? పడవలు మంచిగనే ఉన్నయ్. రెక్కలు జూడుండ్రి, రెక్కలు!"

ఆయన నోరు మూసుకున్నాడు. నేను మూయించాను.

మూడో వారంలో ఒక సాయంత్రం విమానం తిన్నగా పోయింది. నమ్మలేదు నేను. నీళ్ల మీంచి లేచి, చర్చి శిఖరానికి గురిపెట్టినట్టే పోయి, మీట నొక్కితే కుడికి తిరిగి, రెండుసార్లు నొక్కితే ఎడమకు తిరిగి, మెత్తగా నీళ్ల మీద కూచుంది. బట్టలు ఉతికేవాళ్లు ఈసారి చప్పట్లు కొట్టారు. నా ఇంజను రేకు ముక్క పనిచేసిందని ఉస్తాద్‌కు అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన తలూపుతూ విన్నాడు.

మర్నాడు స్కూల్లో చేత్తో విసిరితే కుడికి వాలింది! వేళ్ల మీద ఎత్తితే కుడి రెక్క దిగింది. వెతికితే, కుడి రెక్క కొసన కాగితం కింద బొటనవేలంత గుడ్డ పేలిక దొరికింది. నీట్‌గా మడిచి లోపల అతికించి ఉంది.

"గిదేంది ఉస్తాద్?"

"ఎడమకు వాల్తుంది గద మేడమ్. కుడికి పేలిక గట్టిన. పతంగికి గంతే జేస్తం. మా బాప్ గూడ గట్లనే జేసిండు. నిన్న మంచిగ పోయింది గద."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నిన్న అరగంట పొగుడుకున్నది నా రేకు ముక్కను కదా, పని చేసింది ఆయన పేలిక. ఆ సిగ్గంతా కోపమైంది. "నాకు జెప్పకుండ ఎందుకు వెట్టిండ్రు? నేనొకటి మార్చవట్టె, మీరొకటి మార్చవట్టె, ఏది దేనికి పనిజేసిందో ఎట్ల తెలుస్తది? ఇది పతంగి గాదు! పేలికలు గట్టి ఎగరేసేటందుకు ఇది బజారు పతంగి గాదు!" అని పిల్లల ముందే అరిచాను. పేలిక పీకి కిటికీలోంచి పారేశాను.

చెప్పకుండా పెట్టడం ఆయన తప్పే. ఇప్పటికీ అంటాను. కానీ చెబితే నేను పెట్టనిచ్చేదాన్నా? స్కూల్లో కుడికి దించే పేలిక చెరువులో తిన్నగా ఎందుకు నిలబెట్టింది, అంటే చెరువులో ఎడమ పక్క అంత బరువు ఎక్కడి నుంచి వస్తోంది అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. ఎనిమిదో తరగతి పిల్ల చెప్పేది జవాబు. జవాబు నా అరచేతిలో ఉంది, బొటనవేలంత. దాన్ని కిటికీలోంచి విసిరాను.

ఇన్‌స్పెక్షన్ రోజు ఉదయం తొమ్మిదింటికి సిద్ధంగా ఉండమన్నాడు పెద్దసారు. గట్టు మీద బెంచీలు, షామియానా. తొమ్మిదికి విమానాన్ని నీళ్ల మీద పెట్టి, దారంతో గట్టుకు కట్టి ఉంచాను. ఇన్‌స్పెక్టరు గారు ఎవరింట్లోనో నాష్టా చేస్తున్నారని కబురొచ్చింది. తొమ్మిదిన్నరైంది. పదైంది.

"మేడమ్, సాబ్ వచ్చేదాంక గట్టు మీద వెడ్దమా?" అన్నాడు ఉస్తాద్. కొత్త కమీజు వేసుకొచ్చాడు ఆ రోజు, ఇస్త్రీ మడతలు కనిపిస్తున్నాయి.

"ముట్టకుండ్రి. అంత సెట్ చేసి వెట్టిన."

పదిన్నర దాటాక వచ్చారు. పెద్దసారు ఉపన్యాసం ఇచ్చాడు, ఇన్‌స్పెక్టరు తాంబూలం నములుతూ కూచున్నాడు. ఇంజను తిప్పాం. వదిలాను. విమానం పరిగెత్తలేదు, ఈడ్చుకుంటూ పోయింది, బురదలో దున్నపోతులాగ. ఎడమ పడవ ముక్కు దాకా మునిగి ఉంది. నేను చూస్తూ కూడా చూడలేదు. గాలి తోసి ఎలాగో లేచింది. లేచీ లేవగానే ఎడమకు పూర్తిగా తిరగబడి, రెక్కతో నీళ్లను కొట్టి, విరిగింది. మొదట ఇన్‌స్పెక్టరు ఒక్కడే నవ్వాడు. "ఇది విమానం కాదు, సబ్‌మెరీన్" అన్నాడు. ఆయన వెనకున్నవాళ్లంతా అప్పుడు నవ్వారు.

పెద్దసారు ముఖం నల్లబడింది. నా వైపు తిరిగి, "ఏంది టీచరమ్మా ఇది? ఎవ్వరి తప్పు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు "తెలియదు" అనేది సరైన జవాబు. సైన్సు టీచరుకు అంతకంటే గౌరవమైన మాట లేదు. నాకు ఆ నవ్వు చెవుల్లో గింగురుమంటోంది. "లై, సార్" అన్నాను. "వద్దంటే వినలె. నీళ్లు తగిలి రెక్కలు మెలివడ్డయ్. పతంగుల పనోళ్లతోటి ఇమానం కట్టిస్తే గిట్లనే అయితది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అంతమంది ముందు అన్నాను ఆ మాట. ఉస్తాద్ నాలుగడుగుల దూరంలో, దారం కొస చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నావైపు చూడలేదు. విమానాన్ని ఒడ్డుకు లాగి, ఎప్పటిలాగే భుజానికి ఎత్తుకోబోయాడు. నేను మళ్లీ "ముట్టకుండ్రి" అన్నాను. అటెండరును పిలిచి, విమానాన్ని రిక్షాలో పడుకోబెట్టించి స్కూలుకు పంపాను.

మర్నాడు పొద్దున ల్యాబు తలుపు తీస్తే నేల మీద నీళ్లు. విమానాన్ని బల్ల మీద చదునుగా పెట్టించాను కదా, ఆ బల్ల కింద మడుగు. కుండ పగిలిందేమో అనుకున్నాను. తల ఎత్తితే ఎడమ పడవ వెనక కొస నుంచి చుక్క పడింది. ఇంకో చుక్క. పడవను విప్పి చేతిలోకి తీసుకుని ఊపితే లోపల బుడబుడమంది. వెనక కొస కిందికి వంచాను. రెండు మరల పక్క నుంచి, నా రెండు మరల పక్క నుంచి, సన్నగా ధార కట్టింది. గ్లాసెడు పైనే వచ్చింది. కుడి పడవ ఊపితే చప్పుడు లేదు. రెక్క విరిగిన చోట కాగితం గోకి చూశాను. లై రాయిలాగే ఉంది.

అప్పుడు అర్థమైంది భుజం సంగతి. ఆయన తోక కిందికి పెట్టి మైలు దూరం మోసుకొచ్చేసరికి, చెరువు నీళ్లన్నీ ఆ కంతల్లోంచి ఆయన వీపు మీదికి కారిపోయేవి. స్కూల్లో నా వేళ్ల మీదికి వచ్చేది పొడి విమానం. అందుకే స్కూల్లో అన్నీ సక్రమం, చెరువులో అన్నీ వంకర. మూడు వారాలు నేను వెతికిన తప్పును ఆయన ఒంటి మీద మోసుకుంటూ నా ముందే నడిచాడు.

పెద్దసారు గదిలోకి తలుపు తట్టకుండా పోయాను. "తప్పు నాది సార్. మరలు నేను వెట్టిన, లక్క వద్దన్న. లై మంచిగనే ఉన్నది. ఉస్తాద్ తప్పేం లేదు."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "నిన్న సాయంత్రమే రాసి ఇన్‌స్పెక్టరు సాబ్ చేతికిచ్చిన గదమ్మా. సర్టిఫికెట్టు ఉన్న మనిషిని పంపుండ్రి అని."

"మల్ల రాయుండ్రి."

"ఏమని రాయాలె? మా సైన్సు టీచరు కంత వెట్టింది, క్రాఫ్ట్ మాస్టరు మీద జెప్పింది అనా? స్కూలు ఇజ్జత్ ఏం గావాలె? పోనీ తియ్. ఆయనకు బజార్ల పనికేం కొదవ?"

అక్కడ నేను అరిచిన అరుపు స్కూలంతా వినిపించిందంటారు. బల్ల మీది సిరాబుడ్డి కూడా పడింది. ఏం లాభం? అప్పటిదాకా వందసార్లు ఊరికే అరిచి ఉన్నాను గనక, అరవాల్సిన ఒక్కసారి నా అరుపుకు విలువ లేదు. "టీచరమ్మకు మల్ల లేసింది" అనుకున్నారు. పై ఆఫీసుకు నేనే ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను. నెల తిరక్కుండా సర్టిఫికెట్టున్న మనిషి వచ్చాడు. ఆయనకు చిత్రిక పట్టడం రాదు.

ఉస్తాద్ ఇంటికి పోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పడవను సంచిలో పెట్టుకుని పోయాను. వాకిట్లో చాప మీద కూచుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు. చుట్టూ రంగురంగుల పతంగి కాగితాలు. లేచి, "రండ్రి మేడమ్" అని స్టూలు వేశాడు. నేను కూచోలేదు. పడవ తీసి చూపించాను.

"మరల కాడ నుంచి నీళ్లు పోయినయ్ ఉస్తాద్. తప్పు నాది."

"తెల్సు మేడమ్."

"తెల్సా? ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచే. భుజం తడుస్తుండె గద."

"తెలిసి ఎందుకు చెప్పలె?" అని అరిచాను. అవును, వాళ్ల వాకిట్లో నిలబడి, క్షమాపణ చెప్పడానికి పోయిన మనిషిని, అరిచాను. "మీ నౌకరి పోతదని తెల్వదా? నా మీద పడి చెప్పొద్దా?"

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "చెప్పవోయిన మేడమ్. మీరు కోపంల ఉండిరి. కోపం దిగినంక చెప్దమని జూసిన. ఇయ్యాల దిగుతది, రేపు దిగుతది అని జూసిన. దిగేదాంక ఒక పేలిక గడ్త, పని నడుస్తది అనుకున్న." నా ముఖం చూసి, మెల్లగా అన్నాడు. "ఇంక గూడ దిగలే గద మేడమ్."

నేను స్టూలు మీద కూచున్నాను. ఆయన లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చాడు. తర్వాత పడవ తీసుకుని, మరలు విప్పి, కంతల్లో లక్క కరిగించి పోశాడు. వేలితో నున్నగా అద్దాడు. పావుగంట కూడా పట్టలేదు.

విరిగిన రెక్క మళ్లీ కట్టింది కూడా ఆయనే, అదే లైతో. ఒక ఆదివారం పొద్దున చెరువుకు పోయాం, ఇద్దరమే. షామియానా లేదు, బెంచీలు లేవు. రెండు గంటలు నీళ్ల మీద ఉంచి వదిలాను, కావాలనే. తిన్నగా లేచింది. చర్చి శిఖరం వైపు గీత గీసినట్టు పోయింది. ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లూ పోయింది. సంతోషించాలి కదా? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇది ఒక నెల కిందట పోయి ఉంటే! ఆ తాంబూలం మనిషి ముందు ఒక్కసారి ఇలా పోయి ఉంటే! చెరువు దద్దరిల్లేటట్టు పెద్దసారును, ఇన్‌స్పెక్టరును, నన్నూ కలిపి తిట్టాను. ఉస్తాద్ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, ఆడుకునే పిల్లాడిలా మీట నొక్కుతూ, "గట్టిగ అనకుండ్రి మేడమ్, బెదిరి వాల్తది" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నేను మోస్తానన్నాను. వినలేదు. ఎప్పటిలాగే ముక్కు పైకి, తోక కిందికి పెట్టుకుని ఎడమ భుజానికి ఆనించుకున్నాడు. బజారు దాటాం. స్కూలు గేటు దగ్గర ఆగిపోయాడు. గేటు తెరిచే ఉంది. ఆయన లోపలికి అడుగు పెట్టలేదు. విమానాన్ని జాగ్రత్తగా దించి నా చేతుల్లో పెట్టాడు.

"ఇగ ఈడ నుంచి మీరు తీస్కపోండ్రి మేడమ్" అని వెనక్కి తిరిగాడు.

ఎండ ఆయన వీపు మీద పడింది. ఎడమ భుజం పొడిగా ఉంది.